ఐరేని కుండల మీద వంకర గీత

ఆ సోమవారం పొద్దున కుమ్మరి ఎల్లేశం వేసుకున్న పథకంలో కష్టమంటూ ఏమీ లేదు. మొన్న ఆములో కాల్చి దించిన పెండ్లి కుండలకు తెల్లసుద్ద పూయడం, దాని మీద జాజుతో ఎర్రగా నాలుగు గీతలు గీయడం, పసుపుతో చుక్కలు పెట్టడం, ఎండలో ఆరబెట్టడం. పొద్దు వాలేసరికి కాపుల చంద్రవ్వ డప్పు చప్పుళ్లతో వస్తుంది. ఆమెకు కుండలు అప్పగించి, గోడకానుకుని బీడీ ముట్టించడం. బీడీ దాకా వచ్చేసరికి ఆ పథకం అతనికి మరీ నచ్చింది.

పథకంలో ఒకే ఒక్క లోటుంది. కుండ మీద గీతలు గీయడం అతని పని కాదు. ఆ ఊళ్లోనే కాదు, హుస్నాబాద్ చుట్టుపక్కల ఏ కుమ్మరి ఇంట్లోనూ అది మగవాడి పని కాదు. మట్టి తొక్కేది, సారె తిప్పేది, ఆము పేర్చేది మగవాడు. పెండ్లింట్లో దేవుడి ముందు నిలబెట్టే ఐరేని కుండలకు రంగులు దిద్దేది ఇంటి ఆడమనిషి. పెండ్లివాళ్లు డప్పులతో వచ్చి ముందు ఆమెకు బొట్టు పెట్టాలి, ఒడిలో బియ్యం పోయాలి, రవికెగుడ్డ ఇవ్వాలి. అప్పుడు ఆమె లేచి కుండలు అందిస్తుంది. మగవాడు పక్కన నిలబడి చూస్తాడు. ఎల్లేశం ఇంట్లో ఆ ఆడమనిషి అతని భార్య సమ్మవ్వ. ఆ పొద్దున సమ్మవ్వ ఇంట్లో లేదు.

లేకపోవడానికి ముందురోజు సాయంత్రం ఎల్లేశం నోరు కారణం. అతను పొలాల దిక్కు నుంచి ఆకలితో వచ్చాడు. సమ్మవ్వ ఒళ్లో కుండ పెట్టుకుని సుద్ద పూస్తోంది. ఈ ఒక్కటీ అయిపోనివ్వు, మధ్యలో ఆపితే పూత చారలు పడుతుందని చెప్పింది. ఆకలిగా ఉన్న మగవాడికి పూత సంగతి ఎందుకు పడుతుంది?

"మట్టి తొక్కింది నేను, సారె తిప్పింది నేను, కాల్చింది నేను. నాలుగు చుక్కలు పెట్టి బొట్టు, బియ్యం నువ్వు పట్టుకుంటవ్. గదీ ఒక పనేనా?" అన్నాడు.

సమ్మవ్వ అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే ఎల్లేశం కూడా అరిచేవాడు, ఇద్దరూ అలిసిపోయి అన్నం తినేవారు. ఆమె తడిగుడ్డతో ఆ కుండ మీది పూతంతా తుడిచేసింది. చేతులు కడుక్కుని అతనికి వడ్డించింది. తెల్లవారకముందే మూట కట్టుకుంది. రంగులు వేయడానికి చివర నలగ్గొట్టి కుంచెల్లా చేసుకున్న ఈతపుల్లలను కొంగున ముడివేసుకుంది.

"నాలుగు చుక్కలే గద. పెట్టుకో," అని చెప్పి, హుస్నాబాద్ అవతల ఉన్న పుట్టింటికి నడిచింది.

ఎల్లేశం ఆపలేదు. ఆమె లేకుండా ఐరేని కుండలు ఈ గడప దాటితే తన మాటే నెగ్గినట్టు, బతికున్నంత కాలం ఆ మాట చెప్పుకోవచ్చు. దాటకపోతే బావమరిది వాకిట్లో తలవంచుకుని నిలబడి భార్యను బతిమాలుకోవాలి. బావమరిది నవ్వే మనిషి. అందుకని ఎల్లేశం పంచె ఎగ్గట్టి పనిలోకి దిగాడు.

మొదట పుల్ల కావాలి. ఈతచెట్లు వాగు దాకా పోతే గాని లేవు. ఇంటి వెనక వేపచెట్టుంది. పళ్లు తోముకునే వేపపుల్లను నమిలితే చివర కుంచెలాగే అవుతుంది కదా అనిపించి, ఒక పెద్ద కొమ్మే విరిచి తెచ్చాడు. గడపలో కూర్చుని పుల్లలు తీసి, నమిలి, ఉమ్మి, ఆకులన్నీ అక్కడే పారేశాడు. పొద్దున్నే నోరు చేదైంది గాని కుంచెలు మాత్రం తయారయ్యాయి.

తర్వాత గీత. సమ్మవ్వ కుండను ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో తిప్పుకుంటూ, కుడిచేతి పుల్లను కదలనివ్వకుండా గీత తెచ్చేది. ఒక్కో కుండకు ఎంతసేపు పట్టేదో. ఎల్లేశానికి నవ్వొచ్చింది. తిరగడమే కావాలంటే ఇంట్లో సారె ఉండనే ఉంది. ఇన్నేళ్లుగా ఏ కుమ్మరికీ తట్టని ఉపాయం తనకు తట్టినందుకు కాస్త గర్వపడ్డాడు కూడా. తడిమట్టితో చుట్టకుదురు చేసి సారె మీద పెట్టి, అందులో సుద్ద పూసిన కుండను కూర్చోబెట్టి, కర్రతో గిర్రున తిప్పి, జాజులో ముంచిన పుల్లను ఆనించాడు.

పచ్చికుండ సారె మీద పుడుతుంది కాబట్టి దాని మాట వింటుంది. కాలిన కుండ వినదు. గుండ్రటి అడుగు ఒక పక్కకు ఒరిగింది. గీత పైకెక్కింది, కిందికి దిగింది, మళ్లీ ఎక్కింది. ఆరని సుద్ద మీద ఎరుపు అక్కడక్కడ జారింది. పసుపు చుక్కలు పెట్టబోతే సారె విసురుకు గోడ మీద, అతని మీసాల మీద, నుదుటి మీద కూడా పడ్డాయి. రెండో కుండకు చేయి కుదురుతుందనుకున్నాడు. రెండోది మొదటిదానికన్నా హీనంగా వచ్చింది. ఆఖరుకు అన్నీ ఒకే తీరుగా వచ్చాయి, వంకరగా.

మూలన సమ్మవ్వ పోయినేడు రంగులు వేసిన కుండ ఒకటుంది. ఆ ఏడంతా ఎల్లేశం దాని పక్క నుంచే నడిచాడు, దానికానుకునే పడుకున్నాడు. ఇప్పుడు దాన్ని వెలుగులోకి తెచ్చి తిప్పి చూశాడు. మెడ చుట్టూ తిరిగిన ఎర్రగీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వెతికాడు. దొరకలేదు. అప్పుడు అతనికి నిజంగానే సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఆకలీ వేసింది. సమ్మవ్వ లేని ఇంట్లో పొయ్యి చల్లగా పడి ఉంది.

ఇంతలో డప్పు వినిపించింది. చంద్రవ్వ చెప్పిన వేళకు వచ్చే మనిషి కాదు, అంతకన్నా ముందే వచ్చే మనిషి. మనవడి పెండ్లి శుక్రవారం. ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని, పళ్లెంలో బియ్యం, కుంకుమ, రవికెగుడ్డతో వాకిట్లోకి వచ్చేసింది. సమ్మవ్వకు బొట్టు పెట్టడానికి నేరుగా గడప దిక్కు నడిచింది. ఎల్లేశం ఒక్క దూకు దూకి, రెండు చేతులూ చాపి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"లోపటికి పోవద్దవ్వా. సమ్మవ్వ ఇయ్యాల బయటికి రాదు," అన్నాడు. ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు.

చంద్రవ్వ ఆగింది. గడపలో వేపాకు చూసింది. ఎల్లేశం నుదుటి మీద పసుపు చూసింది. వంట వేళైనా లోపల్నుంచి పోపు వాసన రావడం లేదు. వాకిట్లో వేపాకు, ఒంటికి పసుపు, పోపు లేని పొయ్యి, లోపలికి రావద్దనే మనిషి. ఆ రోజుల్లో ఈ నాలుగూ ఒకచోట కనబడితే ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో ఎవరికో తల్లి పోసిందన్నమాట. ఒళ్లంతా పొక్కులతో వచ్చే ఆ జబ్బును జబ్బు అని కూడా అనరు. పోచమ్మతల్లి ఇంటికి వచ్చిందని, దండం పెట్టి, చల్లబరిచి పంపుతారు. చంద్రవ్వ చేయెత్తగానే డప్పు ఆగిపోయింది. పళ్లెం కింద పెట్టి, తలుపుకు రెండు చేతులూ జోడించింది.

"ఎప్పుడు పోసింది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

ఎల్లేశం రెండు దారులూ చూసుకున్నాడు. కాదని చెప్పవచ్చు. చెబితే, మరి సమ్మవ్వ ఏదీ అంటారు. నా మాటకు అలిగి పుట్టింటికి పోయిందని ఇంతమంది ఆడవాళ్ల ముందు, డప్పు కొట్టేవాడి ముందు చెప్పాలి. అవునని చెబితే పాపం. అతను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తల దించుకున్నాడు. ఊళ్లో తల దించుకోవడానికి ఒకటే అర్థం, అవునని.

ఆ తర్వాత ఎల్లేశం పెద్దగా ఏమీ చేయనవసరం లేకపోయింది. ఎండలో ఆరుతున్న కుండలు చంద్రవ్వ కంట పడ్డాయి. పాములా ఎక్కి దిగే ఆ గీతలను, ఎక్కడ పడితే అక్కడ చిట్లిన ఆ పసుపు చుక్కలను ఆమె వంగి వంగి చూసింది. ఇవెవరు వేశారని అడిగితే, ఇంట్లోనే వేసినవని ఎల్లేశం చెప్పాడు. అదీ నిజమే.

"సమ్మవ్వ చెయ్యి నాకెర్కలేదా. గింత వంకర ఆమె ఏనాడూ గీయలే," అంది చంద్రవ్వ, అందరికీ వినబడేట్టు. "తల్లి మీదికొచ్చినంక గీసింది. గివి మనిషి గీతలు గావు."

ఆడవాళ్లందరూ కుండలకు దండం పెట్టారు. డప్పు కొట్టేవాడూ పెట్టాడు. అందరూ పెడుతుంటే బాగుండదని ఎల్లేశం కూడా పెట్టాడు.

ఊళ్లోకి వచ్చిన తల్లిని సాగనంపకుండా పెండ్లి డప్పు మోగించడం మంచిది కాదని చంద్రవ్వ అక్కడే తేల్చేసింది. గురువారం ఇంటింటి నుంచీ పోచమ్మకు బోనం పోవాలి. శుక్రవారం పొద్దున్నే ఐరేని కుండలు తీసుకుని పెండ్లి చేసుకోవాలి. బోనాలకు కొత్త కుండలు కావాలి. వాటి మీద ఇవే గీతలు ఉండాలి, తల్లి ఎట్లా గీయిస్తే అట్లా. ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"ఇంటింటికంటే జర ఎక్కువైతది గదవ్వా. లోపల ఉన్న మనిషికి..."

"ఆమెను నువ్వు పరేషాన్ చెయ్యకు. తల్లి ఎన్ని గీపిస్తే గన్నే గీస్తది. నువ్వు కుండలు లోపల పెట్టు, మొక్కు, బయటికి తే," అంది చంద్రవ్వ.

సాయంత్రానికి డప్పు కొట్టే పోశం ఊరంతా తిరిగి దండోరా వేశాడు. ప్రతి గుమ్మానికీ వేపకొమ్మ ఎక్కింది. ఊళ్లో పోపు పెట్టడం మానేశారు. ఉల్లిగడ్డ వేగని చప్పిడి చారు తాగుతూ మగవాళ్లు ఎవరినీ తిట్టలేక కూర్చున్నారు. ఎల్లేశం వాకిట్లో మాత్రం సమ్మవ్వ కోసం పెరుగన్నం, అంబలి, చల్లటి మజ్జిగ వరుసగా వచ్చి చేరాయి. వాటిని పారేయడం తప్పు, తినకపోతే అనుమానం. ఎల్లేశం రెండు తప్పులూ జరగకుండా చూసుకున్నాడు. తింటుంటే మాత్రం, ఊరంతా ఇంత ప్రేమగా అడుగుతున్న మనిషిని తను ఏనాడూ ఎట్లా ఉన్నావని అడగలేదని గుర్తొచ్చింది.

మంగళవారం టీకాలు వేసే ఆయన సైకిల్ మీద దిగాడు. దండోరా ఆయన దాకా పోయింది. ఆయన్ని చూడగానే సగం ఊరు చేలల్లోకి పరుగెత్తింది. ముందు జబ్బు మనిషిని చూడాలని ఆయన, తల్లి ఉన్న గదిలోకి సూది పట్టుకుని ఎట్లా పోతావని చంద్రవ్వ. ఆమె ఏకంగా గడప మీదే కూర్చుంది. ఆమె కూర్చున్న గడప వెనక ఖాళీ ఇల్లుంది. ఎల్లేశం ఇంకేం చేయాలో తోచక చొక్కా చేయి పైకి మడిచి, ముందు నాకెయ్యండి సారూ అని చేయి చాపాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ మాట తనకై తాను అన్న మనిషిని ఆయన చూడలేదు. ఆ సంతోషంలో జబ్బు మనిషి సంగతే మరిచిపోయాడు. కుమ్మరాయన వేయించుకున్నాక తాము పారిపోతే పరువుపోతుందని మిగతా మగవాళ్లు కూడా చేలల్లోంచి వచ్చి నిలబడ్డారు. పొద్దు గూకేదాకా టీకాలే సరిపోయాయి. ఆయన ఎల్లేశం భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎల్లేశం ఎడమచేయి ఇవ్వాల్సింది. కంగారులో కుడిచేయి ఇచ్చాడు. మరునాటికి అది వాచి, పుల్ల పట్టుకోవడమే కష్టమైంది.

ఇక బుధవారమంతా తలుపు బిడాయించుకుని, సారె కొట్టంలో ఆ వాచిన చేత్తో, ఇదివరకే కాల్చి ఉంచిన కుండలకు బోనం కోసం గీతలు గీశాడు. గీతలు ఇంతకుముందు పాములా ఉండేవి, ఇప్పుడు దెబ్బ తిన్న పాములా వచ్చాయి. బయటికి పెట్టిన ప్రతి కుండకూ ఆడవాళ్లు దండం పెట్టి తీసుకుపోయారు. తల్లి ఉగ్రం పెరుగుతోందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

అదే బుధవారం హుస్నాబాద్ అంగట్లో సమ్మవ్వ తన తమ్ముడు చేసిన కుండలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఎల్లేశం సోమవారం సాయంత్రానికే వస్తాడనుకుంది. మంగళవారమంతా బాట చూసింది. వచ్చి ఒక్క మాటంటే చాలు, ఏమీ అనకుండా వెంట పోదామని మూట కూడా విప్పలేదు. అతను రాలేదు. అంగట్లో ఆమె పక్కన గాజులు పరిచిన గంగుబాయి అనే ఆవిడ ఆదిలాబాద్ దిక్కు నుంచి ఊరూరూ తిరుగుతూ వచ్చింది. సమ్మవ్వ ఎవరో ఆమెకు తెలియదు. ఫలానా ఊరి దిక్కు పోవద్దని, అక్కడ తల్లి పోసిందని చెప్పింది. అది సమ్మవ్వ ఊరే.

"ముందుగాల ఎవరికి పోసిందో ఎర్కేనా బాయీ? కుమ్మరి ఎల్లేశం పెండ్లానికి," అంది గంగుబాయి.

"ఎవల పెండ్లానికి?" అంది సమ్మవ్వ.

"ఎల్లేశం పెండ్లానికి బాయీ. పాపం గాయిన గడప ఇడిసి కదుల్తలేడట. ఎవల్ని లోపటికి రానిస్తలేడట. కంటికి రెప్పోలె చూసుకుంటుండట."

సమ్మవ్వ చేతిలోని కుండ మెల్లగా కింద పెట్టింది. మూడు రోజులైనా గడవకముందే ఇంకొకదాన్ని తెచ్చుకున్నాడన్నది ఒక బాధ. దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడన్నది అంతకన్నా పెద్ద బాధ. తనకు చలిజ్వరం వచ్చినప్పుడు అన్నం ఎప్పుడు పెడతావని అడిగిన మనిషి ఇతనేనా? కుండలను మరదలికి అప్పగించి, ఇంటికి వెళ్లి మూట తీసుకుని, మర్నాడు పొద్దు పొడవకముందే బయల్దేరింది.

గురువారం ఆమె ఊరు చేరేసరికి వీధి నిండా ఆడవాళ్లు బోనాలతో బారు తీరుతున్నారు. వాళ్ల కంట పడకుండా దొడ్డిదారిన ఇంట్లోకి దూరింది. వంటింట్లో ఎవరూ లేరు. మంచం ఖాళీ. వడ్ల గుమ్మి వెనక చూసింది. అటక మీదికి కూడా చూసింది. సారె కొట్టం తలుపు తోసి లోపలికి పోతే, తల నుంచి కాళ్ల దాకా సుద్ద, జాజు, పసుపు పూసుకుని, వాచిన చేయి ఒళ్లో పెట్టుకుని ఎల్లేశం ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఏది?" అంది సమ్మవ్వ.

"ఎవలు?"

"నీ పెండ్లాం."

"నా పెండ్లానివి నువ్వే గద," అన్నాడు ఎల్లేశం. ఆ మాట అంటుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెను చూడగానే తన పంతం, బావమరిది నవ్వు, ఏవీ గుర్తు రాలేదు.

అంతా చెప్పాడు. వేపకొమ్మ దగ్గర్నుంచి టీకా దాకా ఒక్కటీ దాచలేదు. సమ్మవ్వ వింటూ వింటూ పక్కనున్న కుండను చేతిలోకి తీసుకుంది. గీతను చూసింది. సారె మీద పెట్టి గీశావా అని అడిగింది. అవునన్నాడు. ఆమె పెదవులు కదిలాయి గాని నవ్వు రాకుండా ఆపుకుంది.

"నాకు చాతకాలే," అన్నాడు ఎల్లేశం. "నువ్వు చేసింది పనే. నాకు రాని పని."

ఆ మాట కోసమే ఆమె మూట విప్పకుండా కూర్చుంది. అయినా నాలుగు గోడల మధ్య అన్న మాట అది. తిట్టింది కూడా ఇక్కడే కదా అని సరిపెట్టుకుంటే సరిపోయేదేమో. కానీ బయట ఊరంతా తనకు లేని జబ్బుకు మొక్కుతోంది, తను గీయని గీతకు దండం పెడుతోంది. సమ్మవ్వకు అది సహించలేదు. తలుపు తీసుకుని వాకిట్లోకి నడిచింది. ఎల్లేశం వెనకే పరుగెత్తాడు.

బోనాలు ఎత్తుకున్న ఆడవాళ్లందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఆగి ఆమె దిక్కు తిరిగారు. సమ్మవ్వ ముఖం మీద ఒక్క పొక్కు లేదు, ఒక్క మచ్చ లేదు. దారి నడిచిన చెమటతో నిగనిగలాడుతోంది.

"నాకు తల్లి పోయలే, ఏం పోయలే," అంది సమ్మవ్వ గట్టిగా. "సోమారం నుంచి నేను ఇంట్లనే లేను. అవ్వగారింటికి పోయిన. గీ గీతలు నేను గీయలే. గీయిన గీసిండు."

వెనక వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె పక్కకు తిరిగింది. ఆ తర్వాత వీధి వీధంతా నవ్వింది. తలల మీద బోనాలు ఊగాయి. చంద్రవ్వ మాత్రం నవ్వలేదు. ముందుకొచ్చి సమ్మవ్వ నుదుటి మీద చేయి వేసి చూసింది.

"ఒళ్లు చల్లబడ్డది గాని సోయి ఇంక రాలే," అని అందరితో చెప్పింది. "మొగోడు కుండ మీద గీత గీసుడు ఏడన్న ఉంటదా బిడ్డా? జర మజ్జిగ తాగి పండుకో."

అప్పుడు ఎల్లేశం గడప దిగి ముందుకొచ్చాడు. వాచిన చేయి అందరికీ కనబడేట్టు చాపాడు.

"ఆమె చెప్పింది నిజం," అన్నాడు. "ఆమె పనిని నేను చులకన చేసిన. అందుకే పోయింది. గివి నేను గీసిన. నాకు చాతకాకనే గిట్ల వంకర పోయినయి. ఆమె చెయ్యి నాకు ఏడేండ్లు నేర్చినా రాదు."

చంద్రవ్వ కళ్లు తుడుచుకుంది. పెండ్లాం సోయి లేకుండా ఏదో అంటే, ఆమె మాట పోకుండా తన మీద వేసుకుంటున్నాడని, ఇట్లాంటి మగవాడు ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పండని ఆడవాళ్లను అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఇళ్లకు పోయాక మగవాళ్లు మాటలు పడ్డారు. ఎల్లేశం చెప్పిన మాట ఊరంతా విన్నది, ఎవరూ నమ్మలేదు. నమ్మవలసిన మనిషి ఒక్కతే నమ్మింది. ఆ సాయంత్రం సమ్మవ్వ పొయ్యి రాజేసి, మూడు రోజుల తర్వాత ఆ ఊళ్లో మొదటి పోపు పెట్టింది.

శుక్రవారం డప్పులతో వచ్చి, సమ్మవ్వను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం పోసి, వంకర గీతల ఐరేని కుండలను పెండ్లింటికి తీసుకుపోయారు. పెండ్లి చక్కగా జరిగింది. ఊళ్లో ఆ ఏడు ఎవరికీ తల్లి పోయలేదు. అది టీకాల చలవ అని టీకాలాయన అనుకున్నాడు. ఊరు అట్లా అనుకోలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లి కుదిరిన ప్రతివాళ్లూ తల్లి గీతలే కావాలన్నారు. సమ్మవ్వ నిండా మనసుపెట్టి తీర్చిన కుండలు చూపిస్తే, ఇవీ బాగానే ఉన్నాయని మర్యాదగా పక్కన పెట్టి, అవే వేసివ్వమన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. కన్నతల్లి దగ్గర నేర్చుకుని, అత్త దగ్గర దిద్దుకుని సంపాదించిన చేయి ఒక్క వారంలో ఎవరికీ పనికిరాకుండా పోయింది. అయినా బతకాలి కదా అని వంకరగా గీయబోయింది. చేయి ఒప్పుకోలేదు. ఎంత వంచినా గీత తిన్నగానే వచ్చేది. చివరకు ఆ పని ఎల్లేశం మీదే పడింది. తలుపు బిడాయించుకుని లోపల అతను గీసేవాడు, వాకిట్లో పీట మీద ఆమె బొట్టు పెట్టించుకునేది. మట్టి తొక్కడం, సారె తిప్పడం, కాల్చడం ఎట్లాగూ అతనివే. రంగులు కూడా అతనివే అయ్యాయి.

గీయగా గీయగా ఎల్లేశం చేయి కుదిరింది. కుదుట్లో కుండను నిలబెట్టడం తెలిసింది. గీత తిన్నగా వచ్చిన రోజు అతను మురిసిపోయి సమ్మవ్వను పిలిచి చూపించాడు. ఆ కుండలే చూసి చంద్రవ్వ ముఖం చిన్నబుచ్చుకుంది, తల్లి సత్తువ తగ్గినట్టుందని అంది. ఆ మాట పాకితే కుండలు అడిగేవాళ్లే ఉండరు. ఆనాటి నుంచి ఎల్లేశం గీసేటప్పుడు సమ్మవ్వ అతని వెనక కూర్చుని, సారె తిరుగుతుండగా అతని మోచేతిని వేలితో కదిపేది. ఆమెకు ఊరికే కదపడం తెలియదు. ఎక్కడ కదిపితే గీత ఎంత ఎక్కుతుందో, ఎక్కడ వదిలితే ఎంత దిగుతుందో చూసుకుని కదిపేది. ఆమె వేలు ఆగిన చోట అతనూ ఊపిరి ఆపుకునేవాడు. ఆ పని చేస్తున్నంతసేపు ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. అంత హాయిగా వాళ్లు అంతకుముందు ఎన్నడూ కూర్చోలేదు.

వంకరలన్నీ ఒక కొలతకు వచ్చాయి. చూసినవాళ్లు చూపు తిప్పుకోలేకపోయేవారు. చంద్రవ్వ ఒకనాడు ఆ కుండను రెండు చేతులా ఎత్తి, చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"గిది ఒక్క చెయ్యి పని గాదు," అని తేల్చింది.

ఈ వ్యవహారం మొత్తంలో ఆమె సరిగ్గా పోల్చుకున్నది అదొక్కటే.